ఇదే ఆఖరుసారి!

అమెరికా సేద్యం కథ – 9

గత సంచికలో రైల్వే కంపెనీల కరపత్రాలు నమ్మి పడమటి టెక్సస్‌కు తరలిన కుటుంబాలను ఆ బీడు నేలల్లోనే వదిలిపెట్టి వచ్చాం. నాగలి దిగిన చోటికి వాన దానంతటదే వస్తుందన్న నమ్మకం ఆ రోజుల్లో అక్కడ బలంగా ఉండేది. మొదట్లో వానలు కూడా మురిపించాయి. 1885లో మొహం చాటేశాయి. 1886లోనూ అంతే. ఆ చలికాలానికి ఆబిలీన్, ఆల్బనీ చుట్టుపక్కల కౌంటీల్లో గాదెలు అడుగంటాయి. మూటాముల్లె సర్దుకుని వెనక్కి వెళ్లినవాళ్లు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లకు దాతలు పంపిన తిండితో ఎలాగో పొద్దు గడుస్తోంది. వసంతం వస్తే విత్తడానికి మాత్రం గింజ లేదు.

వాళ్ల తరఫున అడిగింది చాలా చిన్న సాయం. అమెరికా కాంగ్రెస్ (అక్కడ ఈ పేరు పార్టీది కాదు, చట్టసభది) విత్తనాలు కొని పంచడానికి 10 వేల డాలర్లు మంజూరు చేస్తూ బిల్లు పాస్ చేసింది. ఖజానాలో డబ్బుకు కొదవ లేదు. ఆ దశాబ్దంలో వాషింగ్టన్‌ను వేధించిన సమస్య లోటు కాదు, మిగులు. వసూలైన సుంకాలను ఏం చేయాలో తోచక పార్టీలు తగువులాడుకుంటున్నాయి. పైగా టెక్సస్ 1884 ఎన్నికల్లో అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్‌కు ఓట్లేసిన రాష్ట్రం. సంతకం లాంఛనమేననుకున్నారు.

1887 ఫిబ్రవరి 16న క్లీవ్‌లాండ్ ఆ బిల్లును వెనక్కి తిప్పి పంపాడు.

వీటో చేయడం ఆయనకు కొత్త కాదు. మొదటి నాలుగేళ్ల పదవీకాలంలో 414 బిల్లులు ఆపిన మనిషి. వాటిలో ఎక్కువ భాగం మాజీ సైనికుల ప్రైవేటు పింఛన్లవి. కానీ ఈ 10 వేల డాలర్ల వీటోకు ఆయన రాసిన కారణం ఆ మిగతావాటన్నిటికంటే ఎక్కువ కాలం బతికింది. వ్యక్తుల కష్టం తీర్చడానికి ప్రజాధనం ఖర్చు పెట్టే అధికారం తనకు రాజ్యాంగంలో కనిపించలేదన్నాడు. ప్రజలు ప్రభుత్వాన్ని పోషించాలిగానీ ప్రభుత్వం ప్రజలను పోషించకూడదన్నాడు. ఒకసారి చేయి చాస్తే జనానికి అదే అలవాటవుతుందనీ, ఆపదలో తోటి పౌరుల దయాగుణమే ఆదుకోవాలనీ ఆయన వాదన.

అంతటితో ఆగినా బాగుండేది. వీటో సందేశంలోనే ఒక ఉచిత సలహా కూడా ఇచ్చాడు. ఆ రోజుల్లో ప్రభుత్వం ఏటా లక్ష డాలర్లు పెట్టి విత్తనాలు కొని, అందులో మూడింట రెండు వంతులు కాంగ్రెస్ సభ్యుల చేతికిచ్చేది. వాళ్లు వాటిని చిన్న చిన్న పొట్లాలుగా తమ నియోజకవర్గాల్లో పంచుకునేవాళ్లు. కూరగాయల విత్తనాలు, పూలమొక్కల విత్తనాలు, ఓటరు పెరట్లో మొలకెత్తి సభ్యుడి పేరు గుర్తుచేసేవన్నమాట. టెక్సస్ రైతుల మీద అంత ప్రేమ ఉంటే మీ వాటా విత్తనాలు వాళ్లకిచ్చేయండి అన్నాడు క్లీవ్‌లాండ్. చురక బాగానే తగిలింది.

దయాగుణం పని చేయలేదని అనడానికి లేదు. అమెరికన్ రెడ్‌క్రాస్ వ్యవస్థాపకురాలు క్లారా బార్టన్ ఆ చలికాలంలో స్వయంగా ఆల్బనీ వైపు వెళ్లి చూసింది. డాలస్ పత్రిక చందాలు పోగుచేసింది. ఆఖరికి టెక్సస్ రాష్ట్ర శాసనసభ లక్ష డాలర్లు విడుదల చేసింది. అంటే ఆదుకున్న చేతుల్లో ప్రభుత్వానిది కూడా ఒకటి, కాకపోతే అది వాషింగ్టన్‌ది కాదు. క్లీవ్‌లాండ్‌ను ఇప్పటికీ తలుచుకునే రాజకీయ నాయకులు ఈ భాగం చెప్పరు.

మన పాఠకులకు ఇక్కడ ఒక విషయం తట్టి ఉండాలి. ఈ వీటోకు మూడేళ్ల ముందు, 1884లో, బ్రిటిష్ ఇండియాలో వ్యవసాయదారుల రుణాల చట్టం వచ్చింది. విత్తనాలకూ పశువులకూ సర్కారే అప్పిచ్చే తక్కావి పద్ధతికి అది చట్టరూపం. దాని వెనక 1876-78 నాటి కరువు ఉంది. రాయలసీమను ఊడ్చిపెట్టిన కరువే అది. దాతృత్వంలో పరాయి పాలకులు స్వతంత్ర దేశాన్ని మించిపోయారని కాదు. తక్కావి అప్పే, తిరిగి కట్టాల్సిందే. అయినా గింజ కోసం అడిగిన రైతుకు కడపలో ఒక కాగితం ఉండేది, ఆబిలీన్‌లో అదీ లేదు.

గాడిదలకు పెడతాం, మనుషులకు పెట్టం

క్లీవ్‌లాండ్ వాక్యం నలభై ఏళ్లకు పైగా చెక్కుచెదరకుండా నిలిచింది. 1930 వేసవిలో మిసిసిపీ లోయ ఎండిపోయినప్పుడు దాన్ని బయటికి తీసినవాడు అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్. యుద్ధకాలంలో బెల్జియానికి తిండి పంపి ప్రపంచ ఖ్యాతి పొందిన మనిషి. సొంత దేశంలో అర్కన్సా రైతుల దగ్గరికొచ్చేసరికి సూత్రం అడ్డొచ్చింది. ఆ డిసెంబరులో కాంగ్రెస్ 4.5 కోట్ల డాలర్ల రుణాలు మంజూరు చేసింది. విత్తనాలకు ఇస్తారు, ఎరువులకు ఇస్తారు, పశువుల దాణాకు ఇస్తారు. మనుషుల తిండికి ఇవ్వరు. కంచరగాడిదకు దాణా కొనడం పెట్టుబడి, దాన్ని తోలే మనిషికి రొట్టె కొనడం దానం అని లెక్క.

1931 జనవరి 3న అర్కన్సాలోని ఇంగ్లండ్ అనే చిన్న ఊళ్లో ఆ లెక్క తెగిపోయింది. రెడ్‌క్రాస్ సాయానికి దరఖాస్తు ఫారాలు అయిపోయాయని విని వందలాది మంది రైతులు దుకాణాల వీధిలోకి వచ్చి నిలబడ్డారు. పిల్లలు ఆకలితో ఉన్నారు, ఇస్తారా, తీసుకోమంటారా అని అడిగారు. దుకాణదారులు తలుపులు తీసి సరుకులు పంచారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ మర్నాడు దేశమంతా పత్రికల్లో అదే వార్త. హాస్యనటుడు విల్ రోజర్స్ ఆ ఊరు చూసి వచ్చి, విరాళాల కోసం ఊరూరా ప్రదర్శనలిచ్చాడు. హూవర్ మాత్రం ఫిబ్రవరిలో ఒక ప్రకటన చేస్తూ టెక్సస్ వీటోలోని క్లీవ్‌లాండ్ మాటల్నే మళ్లీ చదివాడు.

ఆ సూత్రానికి అదే ఆఖరి వైభవం. మూడేళ్లలో సర్కారు పశువుల్నే కొనడం మొదలుపెట్టింది.

1934 జూన్. డకోటాల నుంచి టెక్సస్ దాకా గడ్డి లేదు, చెరువుల్లో నీళ్లు లేవు, సంతలో ఆవును అడిగే నాథుడు లేడు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ప్రభుత్వం కరువు సాయానికి 52.5 కోట్ల డాలర్లు తీసుకుని, అందులోంచి రైతుల మందలను కొనడానికి దిగింది. కొనుగోలు రోజున జరిగేది ఇది. రైతులు తమ పశువులను ఒక చోటికి తోలుకొస్తారు. కౌంటీ ఏజెంటు, విలువ కట్టే మనిషి, ప్రభుత్వ పశువైద్యుడు దొడ్డి పక్కన నిలబడతారు. రెండేళ్లు దాటిన ఆవుకు 12 నుంచి 20 డాలర్లు, ఏడాది నుంచి రెండేళ్ల పడ్డకు 10 నుంచి 15, దూడకు 4 నుంచి 8. రైలెక్కి మాంసం కర్మాగారం దాకా ప్రాణంతో వెళ్లగలదా లేదా అన్నది వైద్యుడు తేలుస్తాడు. వెళ్లగలిగినవి వ్యాగన్లలోకి, అక్కణ్నుంచి డబ్బా మాంసంగా నిరుద్యోగుల ఇళ్లకు. వెళ్లలేనివాటిని పక్కనే తవ్విన గుంత దగ్గరికి తోలి కాల్చేస్తారు. బాగా దెబ్బతిన్న ప్రాంతాల్లో మొదట్లో సగానికి పైగా ఆ గుంతలోకే వెళ్లాయి. 1935 జనవరికల్లా దాదాపు 83 లక్షల పశువులు కొన్నారు, 11 కోట్ల డాలర్లకు పైగా చెల్లించారు.

ఈ పథకంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక మెలిక ఉంది. ఇది రాసిన గుమాస్తా ఎవరోగానీ పల్లెను ఎరిగినవాడు. ఆవుకు ఇచ్చే సొమ్మును రెండు ముక్కలు చేశారు. ఒక ముక్క కొనుగోలు ధర. ఆవు తనఖాలో ఉంటే అది బ్యాంకుకు పోతుంది. మంద తనఖాలో లేని రైతు ఆ ఏడాది అరుదు. రెండో ముక్కకు ‘ప్రయోజన చెల్లింపు’ అని పేరు పెట్టి, దాని మీద అప్పులవాడికి హక్కు లేకుండా చేశారు. ఆవుకు మూడు నుంచి ఆరు డాలర్లు, నేరుగా రైతు చేతికి. అంత చిన్న మొత్తమే ఆ శీతాకాలం చాలా ఇళ్లలో కనిపించిన ఏకైక నగదు.

గోధుమలతో ప్రీమియం

ప్రతి కరువుకూ ఇలా చెక్కులు రాస్తూ పోతే అంతెక్కడ? రూజ్‌వెల్ట్ 1936లో ఒక కమిటీ వేశాడు. దానికి అధ్యక్షుడు వ్యవసాయ మంత్రి హెన్రీ వాలెస్. అది తేల్చింది పంట బీమా. ప్రైవేటు కంపెనీలు అంతకుముందు ప్రయత్నించి చేతులు కాల్చుకున్నాయి. వడగళ్ల వాన అయితే ఊళ్లో నాలుగు పొలాలను కొడుతుంది. కరువు రాష్ట్రం మొత్తాన్ని ఒకేసారి కొడుతుంది, ఏ కంపెనీ తట్టుకోగలదు? కాబట్టి ప్రభుత్వమే కంపెనీ పెట్టింది. ఫెడరల్ క్రాప్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్‌ను సృష్టించిన చట్టంపై సంతకం పడిన తేదీ 1938 ఫిబ్రవరి 16. క్లీవ్‌లాండ్ వీటోకు సరిగ్గా 51 ఏళ్లు. కావాలని పెట్టుకున్న ముహూర్తం కాదు, కాకతాళీయమే.

మొదట గోధుమకు మాత్రమే. ప్రీమియం డాలర్లలో కాదు, బుషెళ్ల గోధుమల్లో లెక్కగట్టారు. నష్టపరిహారం కూడా గోధుమల్లోనే. ధర పడినా పెరిగినా లెక్క చెదరదని ఆలోచన. కాగితం మీద చక్కగా ఉంది. పొలంలోకి వచ్చేసరికి ఏటా వసూలైన గోధుమలకంటే చెల్లించిన గోధుమలే ఎక్కువయ్యాయి. తర్వాత పత్తిని చేర్చారు, నష్టం ఇంకా పెరిగింది. 1943లో కాంగ్రెస్ విసుగెత్తి కొత్త పాలసీలకు డబ్బు ఆపేసింది. మరుసటి ఏడాది చివర్లో మనసు మార్చుకుంది.

1938 చట్టం ఒక గీత గీసింది. గీతకు ఇవతల పంట, అవతల పశువు. గోధుమ రైతుకు పాలసీ ఉంది, గడ్డి మీద బతికే మందకు లేదు. ఆ గీత 2000 దాకా చెరగలేదు. ఆ ఏడాది చట్టం మారాకే పశువులకు ప్రయోగాత్మకంగా పాలసీలు వచ్చాయి. పచ్చిక బయళ్లకు వానపాతం లెక్కన బీమా ఇచ్చే ప్రయోగం మొదలైంది 2007లో. బీమా లేని రైతుకు సర్కారు సొమ్మెందుకు అని వాషింగ్టన్‌లో వాదన వచ్చినప్పుడల్లా ఇద్దరు వేరువేరు మనుషుల్ని ఒక్కరిగా కలిపేస్తుంటారు. ఒకరు పాలసీ ఉండీ కొననివాడు. రెండోవాడు, ఎక్కడా అమ్మని పాలసీని కొనలేకపోయినవాడు. డకోటా పశుపాలకుడు, కూరగాయల రైతు, తేనెటీగల పెంపకందారు చాలాకాలం రెండో జాబితాలో ఉండేవాళ్లు. చట్టాలు మొదటివాడిని దృష్టిలో పెట్టుకుని తిట్టాయి, చెక్కులు ఇద్దరికీ రాశాయి.

తర్వాతి అరవై ఏళ్లను వేగంగా దాటేయొచ్చు, ఎందుకంటే కథ ఒకటే తిరిగి తిరిగి జరిగింది. 1973 చట్టం గోధుమ, పశుదాణా పంటలు, పత్తి రైతులకు ప్రీమియం లేకుండానే విపత్తు చెల్లింపులిచ్చింది. వానకు భరోసా లేని నేలల్లో కూడా ధైర్యంగా విత్తండని చెప్పినట్టయింది. దాన్ని రద్దు చేయడానికి 1980లో జిమ్మీ కార్టర్ కొత్త బీమా చట్టం మీద సంతకం పెట్టాడు. ఇక బీమాయే, చెక్కుల్లేవు, సబ్సిడీ మేమిస్తాం, పాలసీలు ప్రైవేటు కంపెనీలు అమ్ముతాయి అన్నారు. సగం సాగు భూమి బీమాలోకి వస్తుందని ఆశ. 1988లో మహాకరువు వచ్చేసరికి చేరింది పాతిక శాతం. ఎన్నికల ఏడాది. ఆగస్టులో రోనాల్డ్ రీగన్, ప్రభుత్వ ఖర్చు తగ్గించడమే మతంగా పెట్టుకున్న రీగన్, కోట్లాది ఎకరాలకు పరిహారమిచ్చే చట్టం మీద సంతకం చేశాడు. బీమా ఉన్నవాడికీ ఇచ్చారు, లేనివాడికీ ఇచ్చారు.

ప్రీమియం కట్టిన రైతు పక్క పొలం వైపు చూసి ఏమనుకుని ఉంటాడో వేరే చెప్పనక్కర్లేదు.

1993లో మిడ్‌వెస్ట్ వరదలు, మళ్లీ చెక్కులు. 1994లో కాంగ్రెస్ మళ్లీ ఒట్టేసుకుంది. ఈసారి ఏర్పాటు గట్టిగానే చేసింది. కౌంటీకి పంటకు 50 డాలర్ల ఫీజు కడితే చాలు, సగం దిగుబడి పోయేంత పెద్ద నష్టానికి కనీస బీమా. అది తీసుకోకపోతే మిగతా ప్రభుత్వ పథకాలు బంద్. బీమా దొరకని పంటలకు విడిగా ‘నాప్’ అనే పథకం పెట్టింది. రెండో జాబితా రైతులకు అమెరికా చట్టంలో శాశ్వతంగా చోటు దొరకడం అదే మొదలు. ఇప్పుడు ఆ జాబితా చదివితే సరదాగా ఉంటుంది. పుట్టగొడుగులు, తేనె, మేపుల్ చెట్టు నీరు, జిన్‌సెంగ్ దుంప, క్రిస్మస్ చెట్లు, చెరువు చేపలు. వీటిలో దేనికీ 1938 నాటి గోధుమ లెక్క సరిపోదు.

ఒట్టు ఎంతకాలం నిలిచింది? తప్పనిసరి నిబంధన మీద రైతులు గోల పెడితే 1996లో సడలించారు. బీమా వద్దనుకునేవాళ్లు విపత్తు సాయం కూడా వద్దని సంతకం పెడితే చాలన్నారు. పెట్టారు. 1998లో కరువు, ధరల పతనం కలిసి వచ్చాయి. అది కూడా ఎన్నికల ఏడాదే. ‘వద్దు’ అని సంతకం పెట్టినవాళ్లకు కూడా డబ్బిచ్చారు. షరతు ఒక్కటే, వచ్చే రెండేళ్లు బీమా కొనాలి.

ఆకాశం నుంచి పడిన పరిహారం

అత్యవసరంగా రాసే చట్టాల్లో చిల్లులు ఎలా పడతాయో చూడాలంటే 2003 దగ్గర కాసేపు ఆగాలి. అంతకుముందు ఏడాది కరువుకు వ్యవసాయ శాఖ పశుపాలకుల కోసం ఒక పరిహార పథకం తెచ్చింది. తీవ్ర కరువు ప్రకటించిన కౌంటీలకే పరిమితం. మాంసపు ఆవుకు 18 డాలర్లు, పాడి ఆవుకు 31.50. నష్టం రుజువు చేయక్కర్లేదు, మంద లెక్క చెబితే చాలు. మా జిల్లా ఎందుకు లేదని సభ్యులు అడగడం మొదలైంది. అడిగింది ఒకరిద్దరైతే కాదనొచ్చు. 2003 ఫిబ్రవరిలో కాంగ్రెస్ నిబంధన సడలించింది. 2001 నుంచి ఆనాటి వరకు ఏ విపత్తు ప్రకటించిన కౌంటీ అయినా సరే.

ఏ విపత్తయినా సరే! ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక తిరిగొస్తూ ఆకాశంలో ముక్కలైంది. మన కల్పనా చావ్లా సహా ఏడుగురు చనిపోయారు. శకలాలు తూర్పు టెక్సస్ పచ్చిక బయళ్ల మీద పడ్డాయి. వెతుకులాట కోసం ఆ కౌంటీలను ఫెడరల్ అత్యవసర ప్రాంతాలుగా ప్రకటించారు. అంతే, అక్కడి ఆవులకు కరువు పరిహారానికి అర్హత వచ్చింది. గడ్డి పచ్చగా ఉంది, చెరువులు నిండుగా ఉన్నాయి, ఒక్క ఆవుకూ ఏమీ కాలేదు. వాషింగ్టన్ పోస్ట్ 2006 జులైలో తవ్వితీసిన లెక్క ప్రకారం ఈ పథకంలో కనీసం 63.5 కోట్ల డాలర్లు కరువు లేని లేదా ఓ మాదిరిగా ఉన్న ప్రాంతాలకే వెళ్లాయి. ఇందులో దొంగతనం లేదు, తప్పుడు లెక్క లేదు. అందరూ చట్టప్రకారమే తీసుకున్నారు. తీసుకోవడానికి సిగ్గేసిందని చెప్పిన రైతులు కూడా పత్రికకు దొరికారు.

ఈ రాద్ధాంతం వృథా పోలేదు. 2008 ఫార్మ్ బిల్లులో పశుపాలకులకు పద్ధతైన పథకాలు వచ్చాయి. విపత్తులో చచ్చిన పశువుకు మార్కెట్ ధరలో 75 శాతం. మేత నష్టానికి మాత్రం రాజకీయ నాయకుడి చేతిలో కాకుండా పటం చేతిలో నిర్ణయం పెట్టారు. ప్రతి గురువారం వెలువడే డ్రౌట్ మానిటర్ పటంలో మీ కౌంటీ మేత కాలంలో తీవ్ర కరువు రంగులో వరుసగా ఎనిమిది వారాలుంటే ఒక నెల దాణా ఖర్చులో 60 శాతం. ఇంకా ముదురు రంగయితే రెండు నెలలు, మూడు నెలలు. దానికి బీమాయో నాప్ పాలసీయో ఉండాలని షరతు కూడా పెట్టారు. ఈ కథలో ఇంత బుర్ర పెట్టి రాసిన భాగం మరొకటి లేదని నా అభిప్రాయం.

దానికి గడువు తేదీ పెట్టడం మాత్రం ఏ బుర్ర పనో. 2011 సెప్టెంబరు 30తో ఆ పథకాలు ఆగిపోయాయి. 2012లో అర్ధ శతాబ్దంలో ఎరగని కరువు వచ్చింది. బీమా ఉన్న పంట రైతులకు ఆ ఏడాది పంటకు దాదాపు 1,700 కోట్ల డాలర్ల పరిహారం అందింది. పక్కనే గడ్డి ఎండిన పశుపాలకుడికి సున్నా. ఆగస్టులో ప్రతినిధుల సభ 38.3 కోట్ల సాయం పాస్ చేసింది, సెనేట్ దాన్ని ముట్టుకోలేదు. సభ్యులు సెలవులకు వెళ్లారు. రైతులు చూడి ఆవులను కూడా సంతకు తోలారు.

అట్లాస్

2013 అక్టోబరు మొదటి వారం. సౌత్ డకోటా పడమటి భాగం. చొక్కా చేతులు మడుచుకుని తిరిగే వాతావరణం. ఆవులు ఇంకా వేసవి మేత బీళ్లలోనే ఉన్నాయి. చలికాలపు ఒత్తు వెంట్రుకలు మొలవలేదు. ఇంకో రెండు మూడు వారాల్లో దూడలను అమ్మాలి, ఏడాది ఆదాయమంతా అందులోనే. చూడి ఆవుల కడుపులో వచ్చే ఏడాది ఆదాయం.

3వ తేదీ సాయంత్రం నుంచి వాన. అట్లాస్ అని పేరు పడిన మంచు తుఫాను అలా మొదలైంది. చల్లని వాన గంటల తరబడి పడి పశువులను చర్మం దాకా తడిపేసింది. 4న అది మంచుగా మారింది. గంటకు 110 కిలోమీటర్ల గాలి. రాపిడ్ సిటీలో దాదాపు రెండడుగులు పడింది, లీడ్ పట్టణంలో నాలుగు దాటింది. తుఫాను వస్తే ఆవులు గాలికి వీపు తిప్పి నడవడం మొదలుపెడతాయి. చీకట్లో, కళ్లు కనపడని మంచులో అవి అలా నడుస్తూనే పోయాయి. కంచె అడ్డొస్తే మంచు మేట మీదుగా దాటాయి. కొన్ని వాగుల్లో, చెరువుల్లో పడ్డాయి, కొన్ని కంచె మూలల్లో ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయి. చాలావాటికి ఒంటిమీద గాయం లేదు. చలి, అలసట, ఊపిరితిత్తుల్లో చేరిన నీరు వాటిని చంపాయి. మంచు కరిగాక తమ ముద్ర ఉన్న ఆవుల్ని రైతులు మైళ్ల దూరంలో వెతుక్కున్నారు. పెనింగ్టన్, మీడ్ కౌంటీలు కళేబరాల కోసం భారీ గుంతలు తవ్వించాయి. మొదట్లో లక్ష పశువులు పోయాయని వార్తలొచ్చాయి. అధికారుల దగ్గర నమోదైన లెక్క చివరికి దాదాపు 14 వేల ఆవుల దగ్గర తేలింది. నమోదు కానివి ఎన్నో అన్నదాని మీద వాదన మిగిలింది. ఒక్కో మందకు మాత్రం ఆ లెక్కలతో పనిలేదు. సగం మంద పోయినవాళ్లున్నారు.

ఎవరికి చెప్పాలి? ప్రతి కౌంటీలో రైతు గడప తొక్కే ఆఫీసు ఒకటుంది, ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ. అక్టోబరు 1 నుంచి ఫెడరల్ ప్రభుత్వమే మూతపడింది, బడ్జెట్ గొడవ. ఆ ఆఫీసుకు తాళం. తెరిచి ఉన్నా లాభం లేదు, ఇవ్వడానికి పథకమే లేదు, రెండేళ్ల కిందటే గడువు తీరింది. ఈసారి చట్టం చేయకుండా వదిలేయరన్న ఆశతో రైతు సంఘాలు ఒకే మాట చెప్పాయి. పూడ్చే ముందు ఫొటో తీయండి, తేదీ వేయండి, చెవి పోగు నంబరు రాసిపెట్టండి, సంబంధం లేని మనిషి చేత సాక్షి సంతకం తీసుకోండి. చచ్చిన ఆవు పక్కన నిలబడి లేని పథకానికి రుజువులు పోగుచేసుకున్నారు జనం.

ఈలోపు పని చేసింది క్లీవ్‌లాండ్ చెప్పిన దయాగుణమే. పశుపాలక సంఘాలు సహాయ నిధి పెట్టాయి. పక్కనున్న మోంటానాలో ఒక పశుపాలకుడు డబ్బు వద్దు, చూడి పెయ్యలను పంపుదామన్నాడు. ట్రక్కులకు ట్రక్కులు వచ్చాయి. మంద పోయిన కుర్ర రైతుకు చెక్కుకంటే కడుపుతో ఉన్న పెయ్య ఎక్కువ పనికొస్తుందని తెలియడానికి పశువులు కాసినవాడే కావాలి. కానీ ఆ పెయ్యలు పోయిన మందల్లో చిన్న భాగానికే సరిపోయాయి.

2014 ఫిబ్రవరి 7న మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బరాక్ ఒబామా కొత్త ఫార్మ్ బిల్లు మీద సంతకం చేశాడు. పశువుల పథకాలు తిరిగి వచ్చాయి, ఈసారి గడువు లేకుండా. వెనక్కి, 2011 అక్టోబరు 1 నుంచి వర్తిస్తాయన్నారు. ఏప్రిల్ 15న దరఖాస్తులు తీసుకోవడం మొదలైంది, ఆ ఫొటోలూ సాక్షి సంతకాలూ అప్పుడు బయటికొచ్చాయి. ఒక్కో రైతుకు ఏడాదికి గరిష్ఠ పరిమితి లక్షా పాతిక వేల డాలర్లు. పెద్ద మంద పోయినవాళ్లకు అది ఓ మూలకు రాలేదు. చచ్చిన పశువుల పరిహారానికి ఆ పరిమితిని 2018లో ఎత్తేశారు. ఇంకో మార్పు చడీచప్పుడు లేకుండా జరిగింది. మేత పరిహారం కావాలంటే బీమాయో నాప్ పాలసీయో ఉండాలన్న 2008 షరతు కొత్త చట్టంలో లేదు. బీమా లేని పశుపాలకుడికి, ప్రీమియం కట్టనివాడికి, పటం రంగు మారితే చాలు. 1980లో, 1994లో వేసుకున్న ఒట్లను కాంగ్రెస్ పశువుల విషయంలో తనంతట తానే తీసి గట్టున పెట్టేసింది.

పంటల విషయంలో ఇంకా పెట్టలేదు. 2017 తుఫాన్లకు కాంగ్రెస్ ఇచ్చిన సాయంలో బీమా లేని రైతుకు నష్టంలో 65 శాతం లెక్కన, బీమా ఉన్నవాడికి స్థాయిని బట్టి 70 నుంచి 95 లెక్కన కట్టారు. ప్రీమియం కట్టినవాడి ఉక్రోషానికి విలువ కట్టే ప్రయత్నమన్నమాట. 2024 డిసెంబరు 21న మరో చట్టం, 2023, 2024 విపత్తులకు 2,000 కోట్ల డాలర్లకు పైగా. దాన్ని వ్యవసాయ శాఖ రెండు విడతలు చేసింది. బీమా పరిహారం అప్పటికే అందుకున్నవాళ్లకు 2025 జులైలో ముందే నింపిన ఫారాలు సిద్ధమయ్యాయి. బీమా లేనివాళ్ల వంతు నవంబరు 24న వచ్చింది. వాళ్లు దిగుబడి కాగితాలన్నీ తామే తెచ్చుకోవాలి. డబ్బు తీసుకున్న ప్రతి ఒక్కరూ వచ్చే రెండు పంట సంవత్సరాలు బీమాయో నాప్ పాలసీయో కొనాలి, కొనకపోతే తీసుకున్నది వడ్డీతో సహా తిరిగి కట్టాలి. 1998 నాటి షరతే.

(వచ్చే సంచికలో: బాదం తోటల కోసం లారీలెక్కే తేనెటీగలు, చచ్చిన తుట్టెకు సర్కారు ధర)